తీయడం, మడవడం, పేర్చడం

పాత కవరు ఒకటి తీసుకుని, అతుకుల దగ్గర కాస్త తడి చేసి, చిరగకుండా విప్పి బల్ల మీద పరవండి. మధ్యలో ఒక దీర్ఘచతురస్రం, దాని నాలుగు వైపులా నాలుగు రెక్కలు కనిపిస్తాయి. రెండు పక్క రెక్కలనూ లోపలికి మడిచి, వాటి అంచులకు జిగురు రాసి, కింది రెక్కను పైకి తెచ్చి అంటిస్తే కవరు తయారైనట్టే. పై రెక్కకు ఆరిన జిగురు పూత ఉంటుంది. ఉత్తరం లోపల పెట్టాక దాన్ని తడిపి మూయడం మన వంతు. మొత్తం మీద నాలుగు మడతలు, రెండు చోట్ల జిగురు. ఆరేళ్ల పిల్లకు ఒకసారి చూపిస్తే రెండోసారి తనే చేసేస్తుంది.

ఇదే పనిని మొదటి నుంచి చివరి దాకా యంత్రం చేత చేయించడానికి మాత్రం మంచి బుర్రలకు పాతికేళ్లకు పైగా పట్టింది. ఎందుకని? మడవడమే కష్టమై ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మడత విద్య యంత్రానికి తొందరగానే పట్టుబడింది. దానికి కొరుకుడు పడనివి మడతకు ముందొకటి, వెనకొకటి ఉన్న పనులు. దొంతరలోంచి ఒక్క కాగితాన్ని, ఒక్కదాన్నే, తీయడం మొదటిది. తడి జిగురుతో ఉన్న కవర్లు ఒకదానికొకటి అంటుకోకుండా వరసగా పేర్చడం రెండోది. మన చేతులు ఈ రెంటినీ ఆలోచించకుండా చేసేస్తాయి. అందుకే వాటిని మనం పనులుగా లెక్కపెట్టం. చెయ్యి మనకు తెలియకుండా ఏం చేస్తోందో పసిగట్టడం, దాన్ని చెయ్యి లేకుండా జరిపించే దారి వెతకడం: యంత్ర నిర్మాత ప్రతిభ అంతా అక్కడే ఉంటుంది. కవరు యంత్రం చిన్నదే అయినా, ఈ సంగతిని ఇంత స్పష్టంగా చూపించే యంత్రాలు తక్కువ.

కవరు ఎందుకు పుట్టింది

1840కి ముందు బ్రిటన్‌లో మామూలు జనం కవరు వాడేవారు కాదు. అప్పటి తపాలా రుసుము దూరాన్ని బట్టీ, కాగితాల సంఖ్యను బట్టీ ఉండేది. కవరు పెడితే అది రెండో కాగితం కింద లెక్క, అంటే రుసుము రెట్టింపు. అందువల్ల ఒకే కాగితం మీద రాసి, దాన్నే లోపలికి మడిచి, లక్క ముద్ర వేసి, వెనక భాగంలో చిరునామా రాసేవారు. మన తపాలా శాఖ 1950లో ప్రవేశపెట్టిన ఇన్‌లాండ్ లెటర్ సరిగ్గా ఈ పాత పద్ధతిదే: రాసే కాగితమూ అదే, కవరూ అదే.

రోలండ్ హిల్ అనే సంస్కర్త 1837లో ఈ పద్ధతి మీద ఒక చిన్న పుస్తకం రాశారు. తపాలాకు అయ్యే అసలు ఖర్చు దూరం మోయడంలో లేదని, ఒక్కో ఉత్తరానికీ లెక్కగట్టి, రాసుకుని, ఇంటింటికీ తిరిగి డబ్బు వసూలు చేయడంలో ఉందని ఆయన వాదన. ముందే డబ్బు కట్టించుకుని, బరువును బట్టి ఒకే రుసుము పెడితే చాలన్నారు. 1840 జనవరి 10 నుంచి అర ఔన్సు దాకా ఏ ఉత్తరానికైనా దేశమంతటా ఒక్క పెన్నీ. కాగితాలు లెక్కపెట్టడం ఆగిపోయింది కనుక కవరు మీద జరిమానా కూడా పోయింది. ఆ మే నెలలోనే నల్ల పెన్నీ తపాలా బిళ్ల వచ్చింది.

1839లో బ్రిటన్ తపాలా మోసిన ఉత్తరాలు సుమారు 7 కోట్ల 60 లక్షలు. మరుసటి సంవత్సరం అవి 16 కోట్ల 90 లక్షలయ్యాయి. 1850 నాటికి 35 కోట్ల దగ్గరికి చేరాయి. వాటిలో కవరు తొడుక్కున్నవి ఏటికేడూ పెరిగాయి. ఒక రుసుము పట్టికలో ఒక్క నిబంధన మారితే, అప్పటిదాకా లేని సరుక్కి కోట్లలో గిరాకీ పుట్టింది.

ఎముక బద్ద చేసిన పని

ఆ గిరాకీని మొదట చేతులే మోశాయి. దళసరి ఉక్కు అచ్చుకత్తిని కాగితాల కట్ట మీద పెట్టి ప్రెస్సుతో నొక్కితే వందల ముక్కలు ఒకేసారి తెగి వచ్చేవి. నాలుగు పలకల వజ్రం ఆకారంలో ఉండే ఈ ముక్కలను పక్కపక్కన ఇమిడేలా అమర్చుకుంటే వృథా అయ్యే కాగితం తగ్గుతుంది. ఆ తరవాత పనివాళ్లు బల్లల ముందు కూర్చుని, ఎముకతో చేసిన నున్నటి బద్దతో అంచులను గీటి మడిచేవారు. చెయ్యి తిరిగిన మనిషి రోజు మొత్తం మీద 3,000 దాకా మడిచేవారని 1851 నాటి వివరణలు చెబుతున్నాయి. పది గంటల పనిదినం అనుకుంటే పన్నెండు సెకన్లకు ఒకటి. జిగురు పని దానికి అదనం.

ఆ పన్నెండు సెకన్లలో చెయ్యి చేసేదేమిటో విడదీసి చూద్దాం. దొంతర మీద వేలి కొసతో కాస్త నొక్కి జరుపుతుంది. ఒక ముక్క విడివడిందో, రెండు వచ్చాయో స్పర్శతో తెలుసుకుంటుంది. రెండొస్తే ఒకదాన్ని వెనక్కి తోస్తుంది. ముక్కను కంటి అంచనాతో సరి చేసుకుంటుంది. ఎముక బద్దతో గీటు వేస్తుంది. ఆ గీటు వెంట మడుస్తుంది. తక్కిన రెక్కలను ఏది ముందో ఏది తరవాతో ఆ క్రమంలో మడుస్తుంది. తయారైన దాన్ని అంతకు ముందు దాని పక్కన, అంచుకు అంచు కలిపి పెడుతుంది. మడత అనేది ఈ జాబితాలో సగం కూడా లేదు.

డి లా ర్యూ యంత్రం

రోలండ్ హిల్ అన్నగారు ఎడ్విన్ హిల్. యంత్రాల మీద మంచి పట్టున్న మనిషి. తపాలా సంస్కరణ తరవాత ప్రభుత్వ స్టాంపుల విభాగంలో యంత్రాల బాధ్యత చూశారు. ఆయన ఆలోచన, లండన్‌లో స్టేషనరీ, ముద్రణ వ్యాపారం చేసే డి లా ర్యూ కుటుంబంలోని వారెన్ డి లా ర్యూ నైపుణ్యం కలిసి ఒక యంత్రమైంది. కవరు యంత్రానికి 1845లో ఆ ఇద్దరికీ బ్రిటిష్ పేటెంటు వచ్చింది. మెరుగులు దిద్దుకున్న ఆ యంత్రాన్ని 1851లో లండన్ హైడ్ పార్కులో, క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మహా ప్రదర్శనలో పెట్టారు. గంటకు 2,700 కవర్లు మడుస్తుంటే జనం గుంపుగా నిలబడి చూశారు. రోజంతా ఒక మనిషి చేసే పని గంటకు కాస్త ఎక్కువ సేపట్లో అయిపోతోంది.

లోపల జరిగేది ఇదీ. దీర్ఘచతురస్రాకారంలో ఒక చట్రం, దాని నడుమ ఖాళీ. కత్తిరించిన ముక్కను ఆ ఖాళీ మీద పెడతారు. సరిగ్గా ఖాళీ కొలతకే చేసిన దిమ్మ పైనుంచి దిగి ముక్కను లోపలికి నొక్కుతుంది. ముక్క నడిమి భాగం లోపలికి పోతుంది, చట్రం అంచుల దగ్గర నాలుగు రెక్కలూ ఒకేసారి నిట్టనిలువుగా లేస్తాయి. గీటు వేయడం, సరైన చోట వంచడం రెండూ ఆ ఒక్క నొక్కుతో అయిపోయాయి. దిమ్మ పైకి పోగానే నాలుగు పక్కలనుంచీ నాలుగు లోహపు పలకలు ఒకదాని వెనక ఒకటి వచ్చి రెక్కలను పడుకోబెడతాయి. మడత పూర్తయిన కవరును రబ్బరు తొడిగిన యాంత్రిక వేళ్లు పట్టుకుని బయటికి లాగుతాయి.

ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది ఒకే ఒక్క ఇరుసు. దాని మీద గుండ్రంగా లేని చక్రాలు, మెకానిక్కులు క్యామ్‌లనేవి, వరసగా బిగించి ఉంటాయి. ఒక్కో క్యామ్ అంచులోని ఎత్తుపల్లాలు ఒక్కో భాగాన్ని లేపుతాయి, దించుతాయి. ఇరుసు ఒక చుట్టు తిరిగితే ఒక కవరు. కుడి రెక్క మడిచే పలక ముందు, ఎడమది తరవాత, జిగురు ఆ తరవాత అనే క్రమం మొత్తం ఆ లోహపు అంచుల ఆకారంలోనే రాసి ఉంటుంది. గంటకు 2,700 అంటే ఒక చుట్టుకు సెకనూ మూడో వంతు. చెయ్యి తన క్రమాన్ని గుర్తు పెట్టుకుంటుంది. యంత్రంలో ఆ క్రమం ఒక ఆకారంగా మారి, కంటికి కనిపించేలా ఇరుసు మీద కూర్చుంది.

అయితే ఈ యంత్రం పక్కన ఒక కుర్రవాడు ఉండేవాడు. కత్తిరించిన ముక్కలను ఒక్కొక్కటిగా తీసి చట్రం మీద పెట్టడం అతని పని. నిమిషానికి 45 సార్లు. అంటే మడత యంత్రానిది, తీయడం ఇంకా చేతిదే.

వారెన్ డి లా ర్యూ గురించి తెలుగు పాఠకులు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు, అంతకు మించి ఖగోళ శాస్త్రజ్ఞుడు. చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ ఫొటోలు తీయడంలో ఆద్యుల్లో ఒకరు. 1860లో స్పెయిన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫొటోలు తీసి, గ్రహణ సమయంలో చంద్రబింబం అంచున కనిపించే ఎర్రని జ్వాలలు సూర్యుడివేనని తేల్చడంలో ప్రధాన పాత్ర వహించారు. ఎనిమిదేళ్ల తరవాత, 1868 ఆగస్టు 18న, అదే జ్వాలల వెలుగును వర్ణపట దర్శినితో విడదీసి పరిశీలించడానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ వచ్చింది మన గుంటూరుకే. హీలియం మూలకం కథ మొదలైంది ఆ ఏటి సౌర పరిశీలనల్లోనే. తెలుగు నేలకు డి లా ర్యూ పేరు మరో దారిలోనూ చేరింది. 1855 నుంచి 1926లో నాసిక్ ముద్రణాలయం ఆ పని చేపట్టేదాకా భారతదేశపు తపాలా బిళ్లలను అచ్చువేసింది ఆ కుటుంబ సంస్థే. కవరు మడిచే పలకలనూ, ఆకాశంలో సూర్యుడితో పాటు కదిలే కెమెరానూ ఆలోచించింది ఒకే బుర్ర. ఖచ్చితమైన క్షణంలో ఖచ్చితమైన కదలిక అనేదే ఆ రెండు పనులకూ ప్రాణం.

ఒకే ఒక్క కాగితం

కాగితాల దొంతరలోంచి పైదాన్ని లేపితే కిందిది కూడా ఎందుకు వస్తుంది? దీనికి నాలుగు కారణాలున్నాయి. కాగితం ఉపరితలం గరుకు, కాబట్టి రాపిడి ఉంటుంది. కత్తి తెగ్గొట్టినప్పుడు అంచుల్లోని పీచు ఒకదానిలోకొకటి దిగి కరుచుకుంటుంది. పొడి వాతావరణంలో స్థిర విద్యుత్తు పుట్టి కాగితాలను దగ్గరికి లాగుతుంది. అన్నిటికీ మించి, రెండు కాగితాల నడుమ గాలి లేదు. పైదాన్ని వేగంగా లేపితే ఆ సందులోకి గాలి వెంటనే చొరబడలేదు. అప్పుడు కింది కాగితాన్ని బయటి గాలి పీడనమే పైకి నొక్కి పట్టి ఉంచుతుంది. ప్రెస్సుల్లో పనివాళ్లు కాగితాల కట్టను వంచి, అంచులు విడదీసి గాలి ఆడించేది అందుకే.

ఈ చిక్కుకు రెండు పరిష్కారాలు దొరికాయి. ఒకటి గాలితో. 1851 ప్రదర్శనలోనే బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన రెమోం యంత్రం కాగితాన్ని పట్టుకోవడానికి గాలి పీడనాన్నే వాడుకుంది. బోలు గొట్టంలోంచి గాలి లాగేస్తే, కింద ఉన్న కాగితం దానికి అతుక్కుని లేస్తుంది. ఏ గాలి పీడనమైతే రెండు కాగితాలను కలిపి ఉంచుతోందో, ఆ పీడనాన్నే ఒక్క కాగితాన్ని లేపడానికి తిప్పుకున్నారన్న మాట. ఇవాళ్టి ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో కాగితం అందుకునే రబ్బరు కప్పులదీ ఇదే సూత్రం.

రెండోది జిగురుతో. 19వ శతాబ్దపు అమెరికన్ యంత్రాల్లో పేరుపడ్డ ఉపాయం ఇది. జిగురు అద్దుకున్న రెండు సన్నని లోహపు పలకలు దొంతర మీదికి దిగి పై ముక్కను తాకుతాయి. జిగురు పట్టుకు ఆ ముక్క లేచి వస్తుంది. పలకలు తాకిన చోటు ఏదో కాదు, కవరుకు అతుకు పడవలసిన చోటే. కాగితాన్ని తీయడం, జిగురు రాయడం అనే రెండు పనులూ ఒక్క స్పర్శతో అయిపోయాయి. బ్యాంకు గుమాస్తా నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు తడుపుకుంటాడే, ఆ కిటుకే ఇదీ. తేడా ఏమిటంటే, గుమాస్తా వేలి తడి వృథాగా ఆరిపోతుంది, ఇక్కడ ఆ తడి కవరును అతికిస్తుంది. ఒక అవసరం కోసం తెచ్చిన వస్తువు రెండో అవసరాన్ని కూడా తీర్చేలా అమర్చడం కంటే అందమైన పని యాంత్రిక విద్యలో లేదని నా నమ్మకం.

కాగితానికీ ఒక వాటం ఉంది

మడత సులువని ముందే అన్నాను. సులువే గానీ, దానికి కాగితం ఒప్పుకోవాలి. యంత్రం మీద తయారైన కాగితంలో పీచులు ఎక్కువ భాగం కాగితం ప్రవహించిన దిశలోనే పడుకుని ఉంటాయి. ఒక దినపత్రికను నిలువునా చింపి, తరవాత అడ్డంగా చింపి చూడండి. ఒక దిశలో సాఫీగా తెగుతుంది, రెండో దిశలో వంకరటింకరగా పోతుంది. మడత పీచుల వాటం వెంట వస్తే చక్కగా పడుకుంటుంది. వాటానికి అడ్డం వస్తే పీచులు విరగాలి, అందుకు కాగితం మొరాయిస్తుంది. కవరు మడతలు ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దిశల్లో వస్తాయి. రెంటికీ వాటం కలిసే కాగితం లోకంలో లేదు. అందుకే ఏ కవరైనా ఒక రాజీ.

మడిచిన రెక్క మళ్లీ కాస్త లేవడం మీరు గమనించే ఉంటారు. మడత లోపలి వైపు పీచులు నలుగుతాయి, బయటి వైపువి సాగుతాయి. వాటిలో కొంత భాగం శాశ్వతంగా మారిపోతుంది, మిగిలింది పాత స్థితికి రావడానికి చూస్తుంది. ముందుగా గీటు వేస్తే ఆ గీత వెంట కాగితం నలిగి బలహీనపడుతుంది, ఎదురు తిరగడం తగ్గుతుంది. కాగితం మందం పెరిగే కొద్దీ ఈ పోరు విపరీతమవుతుంది. వంపుకు ఎదురు నిలిచే బిగువు మందం ఘనంతో పాటు పెరుగుతుంది కనుక, రెట్టింపు మందానికి ఎనిమిది రెట్లు బిగువు. పెళ్లి శుభలేఖల దళసరి కవర్ల కాగితానికి గీటు లేకుండా మడత పెడితే అంచు పగిలి తెల్లటి పీచు బయటపడేది ఇందుకే.

తేమ ఇంకో తగువు. పీచు తడి పీలిస్తే పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. దాంతో కాగితం ఒక దిశలోనే ముడుచుకుని చుట్టలు తిరుగుతుంది. చుట్ట తిరిగిన ముక్క చట్రం మీద సరిగా కూర్చోదు. చేతికి ఇది సమస్యే కాదు, ఒకసారి నిమిరి సరిచేస్తుంది. ప్రతి ముక్కా ఒకేలా ఉంటుందని నమ్మి తిరిగే యంత్రానికి మాత్రం ఇది పెద్ద చిక్కు. కాగితం మిల్లుల్లో, ప్రెస్సుల్లో గాలి తేమను అంత శ్రద్ధగా కనిపెట్టి ఉండడం దీని కోసమే.

తడి జిగురు తెచ్చిన చిక్కు

ఒక కవరుకు రెండు రకాల జిగుళ్లు కావాలి. అతుకుల జిగురు వెంటనే పట్టాలి, ఎప్పటికీ వదలకూడదు. మూత రెక్క జిగురు మొదట పూర్తిగా ఆరిపోవాలి, నెలల తరబడి నిద్రపోవాలి, మనం తడపగానే మేల్కొనాలి. ఈ రెండో దానికి సూడాన్ ప్రాంతపు తుమ్మజాతి చెట్ల బంక, పిండిపదార్థాన్ని వేడి చేసి తీసే డెక్స్‌ట్రిన్ పనికొచ్చాయి. రెండూ నీళ్లలో తొందరగా కరుగుతాయి. ఆ గుణమే వాటి లోపం కూడా. కోస్తా ఊళ్లలో ముసురు పట్టిన రోజుల్లో బీరువాలోని ఖాళీ కవర్లు వాటంతటవే మూతపడేది గాలిలోని తేమ ఆ పూతను మేల్కొల్పడం వల్లనే.

మొదటి యంత్రాలు ఈ మూత రెక్క జోలికి పోలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో వైద్యుడైన రసెల్ హాస్ 1853లో పేటెంటు పొందిన యంత్రం అమెరికాలో వాణిజ్యపరంగా నిలదొక్కుకున్న తొలి కవరు యంత్రం. దానికి కూడా మూత రెక్కల పూత ముందుగానే విడిగా జరగాలి. ముక్కలను మెట్లు మెట్లుగా పరిచి, అంచులు మాత్రమే కనబడేలా పెట్టి, కుంచెతో వరసగా జిగురు పూసి, ఆరబెట్టి, అప్పుడు యంత్రానికి అందించేవారు. మడత క్షణంలో అయ్యేది, దాని ముందు ఆరబోతకు గంటలు పోయేవి.

మరి యంత్రమే ఆ పూత వేస్తే? సెకనుకో కవరు వస్తుంది. ఒక్కోదాని మూత మీద తడి జిగురు ఉంటుంది. పేర్చామంటే దొంతర మొత్తం ఒక్క ముద్దై కూర్చుంటుంది. ఆరేదాకా ఆగుదామంటే యంత్రం ఆగాలి. మడత వేగం, ఆరే వేగం ఎన్నటికీ ఒకటి కావు. వూస్టర్‌లోనే జేమ్స్ ఆర్నాల్డ్ యంత్రంతోనే జిగురు పూయించే ప్రయత్నాలు మొదలుపెట్టారు. ఆ దారిని గమ్యం చేర్చింది స్విఫ్ట్ సోదరులు, హెన్రీ, వీలర్. జి. హెన్రీ విట్‌కూంబ్ కవర్ల కర్మాగారంలో పనిచేస్తూ, 1870లలో వాళ్లు తెచ్చిన పరిష్కారం పేరు గొలుసు ఆరబెట్టు యంత్రం.

యంత్రం నోటి దగ్గర నుంచి పొడవాటి గొలుసు ఒకటి చుట్టు తిరుగుతూ ఉంటుంది. దానికి వరసగా అరలు. తయారైన ప్రతి కవరూ మూత తెరిచి, తన అరలో తను నిలబడి, పక్కదాన్ని తాకకుండా గాలిలో నెమ్మదిగా ప్రయాణం చేస్తుంది. చివరికి చేరేసరికి పూత ఆరి ఉంటుంది. అక్కడ కూర్చున్న అమ్మాయిలు లెక్కపెట్టి కట్టలు కట్టేవారు. అరలు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి గొలుసు నెమ్మదిగా కదిలినా సరిపోతుంది. ఆరడానికి ఒకటిన్నర నిమిషం పడుతుందనుకుందాం, సెకనుకో కవరు వస్తుందనుకుందాం. గొలుసు మీద ఏ క్షణంలో చూసినా 90 కవర్లు ఉంటే చాలు. ఏ కవరూ తొందరపడలేదు, యంత్రం ఒక్క క్షణమూ ఆగలేదు. ఆరే వేగాన్ని పెంచలేకపోతే, ఆరే కాలాన్ని పొడవుగా మార్చి గదిలో పరిచేయవచ్చని ఆ సోదరులు చూపించారు. ఇవాళ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొడవాటి పొయ్యి గుండా నడిచే పట్టా వెనక ఉన్న తర్కం కూడా ఇదే.

వూస్టర్ ఆ తరవాత అమెరికా కవర్ల పరిశ్రమకు కేంద్రమైంది. లోగన్, స్విఫ్ట్ అండ్ బ్రిగమ్ కంపెనీ 1884లో అక్కడే పుట్టింది. 1898లో ఇటువంటి పది కంపెనీలు కలిసి యునైటెడ్ స్టేట్స్ ఎన్వలప్ కంపెనీగా ఏర్పడ్డాయి. అదే రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని కాగితపు సంచుల ఫ్యాక్టరీలో పనిచేసిన మార్గరెట్ నైట్, అడుగు చదరంగా నిలబడే సంచిని మడిచే యంత్రానికి 1871లో పేటెంటు సాధించారు. ఆ ఆలోచన తనదేనని మరొకరు పేటెంటుకు అడ్డుపడితే, తన బొమ్మలు, నమూనాలు సాక్ష్యంగా పెట్టి గెలిచారు. స్విఫ్ట్ సోదరులైనా, నైట్ అయినా, డి లా ర్యూ అయినా, కాగితాన్ని మడిచే చేతుల పక్కనే రోజుల తరబడి గడిపినవాళ్లు. చెయ్యి చేసేదేమిటో దగ్గర నుంచి చూసినవాళ్లకే అది చేస్తున్న రెండో పని, మూడో పని కనబడతాయి.

ఆగకుండా తిరగడం

దిమ్మ దిగి, ఆగి, పైకి వెళ్లే యంత్రానికి ఒక సహజమైన హద్దుంది. బరువైన లోహపు భాగాన్ని కదిలించి, ఆపి, వెనక్కి తిప్పడానికి కావలసిన బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే ఇరుసు మీద పడే కుదుపు నాలుగు రెట్లు. ఒక దశ దాటితే యంత్రం తనను తానే విరగ్గొట్టుకుంటుంది. ఇక్కడ నూనె పోయడం, లోహం మార్చడం పనికిరావు. కదలిక తీరే మారాలి.

20వ శతాబ్దంలో వచ్చిన చుట్టు యంత్రాల్లో దేనికీ ఆగే పని లేదు. పెద్ద చుట్టలోంచి కాగితం ఎడతెగకుండా వస్తుంది. తిరిగే రోలర్లకు బిగించిన కత్తులు నడకలోనే ముక్కలు కోస్తాయి. పక్క రెక్కలు వంపు తిరిగిన పట్టాలను ఒరుసుకుంటూ పోతూ వాటంతటవే మడుచుకుంటాయి. రోలర్లే జిగురు అద్దుతాయి, కింది రెక్కను నొక్కి అంటిస్తాయి. అమెరికన్ అమెరికస్ కాలహాన్ 1902లో పేటెంటు పొందిన కిటికీ కవరుకు చిల్లు కోసి పారదర్శకమైన ముక్క అంటించడం కూడా ఇదే నడకలో జరుగుతుంది. ఇవాళ్టి పెద్ద యంత్రాలు నిమిషానికి వెయ్యికి పైగా కవర్లు చేస్తాయి.

ఆ వేగంతో పేర్పు మళ్లీ మొదటికొచ్చింది. ఒక కవరుకు, దాని వెనక ఖాళీకి కలిపి పావు మీటరు అనుకుంటే, నిమిషానికి వెయ్యి అంటే 250 మీటర్లు, గంటకు 15 కిలోమీటర్లు. అంత వేగంతో వచ్చే పల్చని కాగితాన్ని గోడకు కొట్టి ఆపితే ముక్కు నలిగిపోతుంది. అందుకని దారి చివర మెల్లగా తిరిగే పళ్లాల జత పెట్టారు. పళ్లెం అంచునుంచి లోపలికి సర్పిలంగా వంగిన సన్నని గాళ్లుంటాయి. ప్రతి కవరూ ఒక గాడిలోకి జారి, ఆ వంపును ఒరుసుకుంటూ వేగం కోల్పోతుంది. పళ్లెం తిరిగి కిందికి తెచ్చేసరికి అది దాదాపు నిలిచిపోయి ఉంటుంది. అక్కడ ఒక అడ్డుపలక దాన్ని గాడిలోంచి తప్పించి, ముందు వచ్చిన వాటి వెనక నిలువుగా నిలబెడుతుంది. సెకనుకు నాలుగు మీటర్లు నడిచిన కవరు ఇప్పుడు సెకనుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున వరసలో ముందుకు జరుగుతుంది. ప్రతి నిర్ణీత సంఖ్యకూ యంత్రం ఒక కవరును కాస్త పక్కకు జరిపి గుర్తు పెడుతుంది కూడా, కట్ట కట్టేవాళ్లు లెక్కపెట్టే పని లేకుండా.

చెయ్యి మిగిలిన చోటు

ఇంత వేగమున్నా చేతితో కవరు మడిచే పని లోకంలోంచి పోలేదు. పెద్ద యంత్రానికి ఒక కొలత నుంచి మరో కొలతకు మారాలంటే కత్తులు, పట్టాలు, జిగురు పలకలు అన్నీ మార్చి సరిచూసుకోవాలి. లక్షల్లో చేస్తేనే ఆ శ్రమ గిట్టుతుంది. ఒక పెళ్లికి అయిదు వందల శుభలేఖలు, వాటికి సొంత కొలతలో, సొంత రంగులో కవర్లు కావాలంటే చెయ్యే గిట్టుబాటు. హైదరాబాదు ఛత్తా బజారులో వరసగా ఉన్న శుభలేఖల దుకాణాల్లో చూస్తే ఎన్ని కొలతలో, ఎన్ని రకాల మూతలో. చెయ్యి పనిముట్లు మార్చుకోనక్కర్లేదు. తన క్రమాన్నే మార్చుకుంటుంది.

ఉత్తరాలు తగ్గిపోయిన ఈ రోజుల్లో కవరు యంత్రం నేర్పిన పాఠం మాత్రం తగ్గలేదు. ఏటీఎం లోపల నోట్ల పెట్టెలోంచి ఒక్క నోటును విడదీయడం, రెండొచ్చాయేమో కొలిచి చూసి పక్కకు తోయడం ఆ యంత్రంలో అతి సున్నితమైన భాగం. మన ప్రింటరు మొరాయించేది అచ్చువేయడంలో కంటే ఎక్కువగా కాగితాన్ని అందుకోవడంలో. గోదాముల్లో రోబోలకు పెద్ద పరీక్ష, కుప్పలోంచి ఒక మెత్తని చొక్కాను పట్టుకుని మడిచి పక్కన పెట్టడం. గణితంలో మనిషిని ఎప్పుడో దాటేసిన యంత్రాలు ఇప్పటికీ తడబడేది వేలి కొసలకు తెలిసిన విద్య దగ్గరే.

అందుకే ఇంజనీరింగు చదివే పిల్లలకు నేను చెప్పేదొకటుంది. ఏదైనా పనికి యంత్రం చేయాలనుకుంటే, ముందు ఆ పని చేసే మనిషి పక్కన కూర్చోండి. పని పేరు మరిచిపోయి, చేతులను చూడండి. అవి ఎక్కడ తడుముకుంటున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, తప్పును ఏ క్షణంలో పసిగట్టి ఎలా దిద్దుకుంటున్నాయి, పూర్తయిన దాన్ని ఎక్కడ ఎలా పెడుతున్నాయి: ఇవన్నీ రాసుకోండి. ఆ మనిషిని అడిగితే నేను మడుస్తున్నాను అంటాడు, అంతే చెబుతాడు. మిగిలిన సగం అతనికి కూడా తెలియదు, అతని వేళ్లకే తెలుసు. ఆ సగాన్ని గౌరవంగా చదవగలిగినవాళ్లే మంచి యంత్రం చేస్తారు. రోజుకు మూడు వేల కవర్లు మడిచిన ఆ పేరు తెలియని పనివాళ్లు ప్రతి కవరు యంత్రానికీ మొదటి గురువులు.